గులాం చాచా స్పీడు

మా అవ్వ తారాబాయి మా బాపు భీమన్నతో మాట్లాడటం మానేసి ఒక పంటకాలం దాటింది. నాట్లప్పుడు మూసిన నోరు, కోతలైపోయి వడ్లు కల్లం దాటినా తెరవలేదు. తెరవలేదంటే బాపు దగ్గర తెరవలేదని. మిగతా చందూరు మొత్తంతో మామూలుగానే, ఇంకా చెప్పాలంటే మామూలుకన్నా ఎక్కువగానే మాట్లాడేది. బాపుకు చేరాల్సిన మాటలు కూడా మిగిలిపోయేవి కదా, వాటిని ఊరికి పంచేది.

ఇంట్లో ఉండేది ముగ్గురం. ముగ్గురిలో ఇద్దరు మాట్లాడుకోకపోతే మూడో మనిషి గతేమిటో మీరే ఊహించుకోండి. ఆ మూడో మనిషిని నేను, భాగ్యలక్ష్మిని. నిజామాబాద్‌ ఖలీల్‌వాడిలో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తాను. పొద్దంతా అక్కడ సూదులు గుచ్చి, బస్సెక్కి ఇంటికొస్తే ఇక్కడ ఇద్దరూ కలిసి నాకు గుచ్చేవాళ్లు.

"మీ బాపుకు సెప్పు, బువ్వ పెట్టిన అని."

బాపు సరిగ్గా ఆమె పక్కనే, పీట మీద కూర్చుని ఉండేవాడు. "మీ అవ్వకు సెప్పు, ఆకలైతలేదని."

"ఆకలిగాకపోతె మరి గిన్నెల పల్లీలన్నీ ఎవలు బుక్కిండ్రో అడుగు."

నేను చెప్పేదాన్ని, అడిగేదాన్ని. ఒక్కోసారి విసుగొచ్చి మధ్యలో రెండు మాటలు సొంతంగా కలిపేదాన్ని కూడా. ఉత్తరాలు మోసేవాడికి ఆమాత్రం హక్కు ఉండదా?

తప్పు బాపుదే, అందులో అనుమానం లేదు. అవ్వకు పెళ్లిలో ఆమె అన్న, అంటే మా భోజన్న మామ, ఒక టేప్‌రికార్డర్ పెట్టాడు. అది చెడిపోయి ఏళ్లయింది. అటక మీద దుమ్ము పట్టి ఉండేది, కడుపులో ఒక క్యాసెట్ ఇరుక్కుని ఉండేది. ఒకనాడు పాత సామాన్లవాడు మైకులో అరుచుకుంటూ మా గల్లీలోకి వస్తే, బాపు ఆ టేప్‌రికార్డర్ దించి వాడికిచ్చి ఒక పసుపు రంగు ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నాడు. పైగా ఏదో పెద్ద బేరం చేసినట్టు బకెట్టును వాకిట్లో పెట్టి, అవ్వను పిలిచి, అరచేత్తో దాని వీపు తట్టి చూపించాడు.

అవ్వ బకెట్టును చూసింది. అటక వైపు చూసింది.

"అండ్ల నా పాట ఉండె" అంది.

ఆయనతో నేరుగా అన్న ఆఖరి మాట అదే. ఆ రోజు నుంచి బకెట్టును కూడా ముట్టలేదు. బాపు ఒక్కడే దాంతో నీళ్లు పోసుకునేవాడు, దొంగసొమ్ముతో చేసినట్టు గబగబా.

ఆ పాట సంగతి చెప్పాలి. మా అవ్వాబాపుల పెళ్లినాటికి బోధన్ చుట్టుపక్కల ఆ పాట లేనిదే బారాత్ ఊరేగింపు కదిలేది కాదు. లింబయ్య అనే ఆయన మస్కట్ నుంచి వస్తూ తెచ్చిన క్యాసెట్‌లో అరబ్బీ పాట అది. బోధన్‌లో క్యాసెట్లు కాపీ చేసిచ్చే గులాం చాచా డబ్బింగ్ సెంటర్‌కు చేరింది, అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. పాట పేరు ఎవరికీ తెలియదు, పాడినవాడు తెలియడు, అర్థం అసలే తెలియదు. డప్పులు, చప్పట్లు, సన్నటి గొంతు, మధ్యమధ్యలో పదిమంది కలిసి వేసే కేక. అందరూ బారాత్ పాట అనేవాళ్లు. ముస్లింల ఇళ్లలో అరబ్బీ కదా అని పెద్దలు కాదనేవాళ్లు కాదట. మా ఇళ్లలో పెద్దలే ముందు దిగి ఆడేవాళ్లట. తర్వాత సీడీలొచ్చాయి, పెన్‌డ్రైవ్‌లొచ్చాయి, ఆ పాట ఎటు పోయిందో పోయింది.

ఇంతలో నాకు పెళ్లి కుదిరింది. కమ్మర్‌పల్లిలో పసుపు పండించే ఇల్లు, అబ్బాయి నాగేందర్. మంచివాడు, నవ్వు ముఖం. అందరూ సంతోషంగా ఉన్నారు, నాకొక్కదానికే గుండెలో గుబులు. నేను కమ్మర్‌పల్లి పోతే ఈ ఇంట్లో మాటలు మోసేదెవరు? ఇద్దరూ రెండు గోడలకు ముఖం పెట్టి కూర్చుంటే, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి చెప్పేదెవరు? రాత్రి పడుకుంటే ఇదే ఆలోచన. పెళ్లికూతురికి చీరల గురించి రావాల్సిన కలలు నాకు బకెట్టు గురించి వచ్చేవి.

భోజన్న మామ రాజీ చేయడానికొచ్చాడు. అవ్వ అన్నీ విని ఒక్క మాట చెప్పింది. "నా పాట నాకు తెచ్చియ్యమను. తెచ్చిన్నాడు మాట్లాడ్త."

తలుపు వెనక నుంచి బాపు అన్నాడు, "బిడ్డా, మీ అవ్వకు సెప్పు, తెస్త."

"యాడికెల్లి తెస్తడో అడుగు."

"ఫోన్ల దొరకందంటు ఏముందని సెప్పు."

ఫోను నాది. అంటే మళ్లీ నా నెత్తినే పడింది.

పాటను వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఒకటి దింపాను. దాని పనితనం చూసి మొదటి రోజు నేనూ బాపూ నోరు తెరుచుకుని కూర్చున్నాం. పక్కింటి టీవీలోంచి గోడ దాటి వచ్చిన పాటను పట్టింది. కూరగాయల ఆటో మైకు వెనక సన్నగా మోగే పాటనూ పట్టింది. బాపుకు ధైర్యం వచ్చి, ఫోను చెవిటిదన్నట్టు దాని దగ్గరకు వంగి, గొంతెత్తి బారాత్ పాట కూనిరాగం తీశాడు. డప్పు కోసం తొడ కూడా కొట్టుకున్నాడు. ఫోను చాలాసేపు ఆలోచించి, ఎక్కడో చలిదేశంలో పిల్లల్ని నిద్రపుచ్చే జోలపాట పేరు చెప్పింది.

"నిద్రపుచ్చే పాటనట బాపు" అన్నాను.

వంటింట్లోంచి అవ్వ గొంతు వచ్చింది. "గది ఇనుకుంటనే ఇంట్లకెల్లి సామాను పోయినా సోయి లేకుంట పన్నడని సెప్పు."

తర్వాత నాకు వాళ్ల పెళ్లి వీడియో గుర్తొచ్చింది. పాత వీడియో క్యాసెట్‌ను భోజన్న మామ సీడీ చేయించి పెట్టాడు. అందులో బారాత్ ఉంది, బాపు ఆడుతున్నాడు, ఇంకేం కావాలి? సీడీ పెట్టాను. బొమ్మ వచ్చింది. బాపు అప్పుడు కంది కట్టెలా ఉన్నాడు. చేతిరుమాలు పళ్ల మధ్య బిగించి, మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుతున్నాడు. యాప్ తెరిచి టీవీ ముందు పెట్టాను. రెప్ప వేసేలోగా పేరు చెప్పింది. సినిమా పేరు, పాడినవాళ్ల పేర్లు, ఏ సంవత్సరమో, అన్నీ.

అది ఒక సినిమాలోని డ్యూయెట్. ఆ రోజుల్లో పెళ్లి వీడియోలు తీసేవాళ్ల తెలివి ఇదీ. బొమ్మ ఉంచి శబ్దం తీసేసి, పైన తమకు నచ్చిన సినిమా పాట అతికేవాళ్లు. బాపు కాళ్లు ఒక దారి, పాట ఒక దారి. తలంబ్రాల దగ్గర కూడా అదే డ్యూయెట్, మా నానమ్మ ఏడుస్తుంటే కూడా అదే డ్యూయెట్. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు నటిస్తూ అవ్వ టీవీనే చూస్తోంది. పెదవి చివర సన్నగా నవ్వుంది. నేను చూశానని తెలియగానే చాట పట్టుకుని లోపలికి పోయింది.

ఆ నవ్వు చూశాక ఇక నేను వదలదల్చుకోలేదు. ఆదివారం పూట బోధన్ బస్సెక్కాను.

గులాం చాచా నాకు కొత్త మనిషేం కాదు. ఆయన కూతురు మదీహా నాతో డిగ్రీ చదివింది, తర్వాత డిచ్‌పల్లి క్యాంపస్‌లో కంప్యూటర్ల పీజీలో చేరింది. డబ్బింగ్ సెంటర్ ఉన్నచోటే ఇప్పుడు ఆయన ఫోన్ల కవర్లు, స్క్రీన్ గ్లాసులు అమ్ముతున్నాడు. కానీ దుకాణం వెనక పరదా తీస్తే పాత ప్రపంచం అట్లాగే ఉంది. గోడంతా క్యాసెట్లు, రెండు టేప్ డెక్కులు, మూలన ఒక కుర్చీ.

నేను విషయం చెప్పగానే చాచా ముఖం వెలిగిపోయింది. "బారాత్ స్పెషల్! బేటీ, గీ బోధన్‌ల గది నా చేతుల మీదికెల్లి పోని ఇల్లు లేకుండె. నా క్యాసెట్ పెడితె ముసలోళ్లు గూడ లేచి ఆడుతుండిరి. వేరేటోళ్ల క్యాసెట్ల గంత జోష్ ఏది?"

"ఆ జోష్ ఒకటి ఉన్నదా చాచా ఇప్పుడు?"

వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. రీలు మీద తెల్లటి బూజు. చాచా దాన్ని దూదితో తుడిచి, బిస్మిల్లా అని డెక్కులో పెట్టాడు. మొదట బుసబుసలు, తర్వాత డప్పు, తర్వాత ఆ సన్నటి గొంతు. నేను డెక్కు మీదికి వంగాను, అది మా అవ్వాబాపుల పాట మరి. కొన్ని క్షణాలు సాగిందో లేదో, కిర్రుమని శబ్దం వచ్చి డెక్కు రీలును నమిలేసింది. అయితే మదీహా అప్పటికే తన ఫోనులో రికార్డు చేసింది. ఈ యాప్‌కు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

వినిపించాం. ఫలితం లేదంది. మళ్లీ వినిపించాం. మళ్లీ లేదంది.

"కూరగాయల ఆటో పాట పట్టినవ్, దీనికేం రోగం?" అని నేను ఫోన్ని తిట్టాను.

మదీహా నవ్వింది. "నువ్వు అనుకున్నట్టు ఫోను పాట వినదే. దానికి రాగం తెల్వదు, మాటలు తెల్వయి. మీ అవ్వ పొద్దుగాల వాకిట్ల ముగ్గు ఎట్ల ఏస్తది? ముందుగాల చుక్కలు పెడ్తది గద."

"పెడ్తది. అయితే?"

"ఇది చుక్కలే చూస్తది, గీతలు చూడది. చప్పుడును ఒక బొమ్మ లెక్క పరుస్తది. ఎడమ నుంచి కుడికి పోయేది టైము. కింది నుంచి మీదికి పోయేది గొంతు ఎంత సన్నం, ఎంత లావు అని. అండ్ల బాగా గట్టిగ మోగిన జాగల్లనే చుక్క పెడ్తది, మిగిలిందంత తుడిచేస్తది. అందుకే పక్కన కుక్కర్ సీటీ కొట్టినా దానికి ఫరక్ పడది. ఈ చుక్క తర్వాత ఆ చుక్క ఎంతసేపటికి వచ్చింది, ఎంత మీద వచ్చింది, గదొక్కటే గుర్తు పెట్టుకుంటది. వాళ్ల కాడ లక్షల పాటల చుక్కలు ముందే ఉంటయి. దేనితోని కలుస్తే గా పేరు చెప్తది."

"మరి దీని చుక్కలు వాళ్ల కాడ లెవ్వా?"

"ఉండకపోవచ్చు. లేదంటె..." మదీహా ఆగింది. "చుక్కల మధ్య జాగ మారిందనుకో, గప్పుడు అది వేరే ముగ్గు. పాట స్పీడు జరంత పెరిగినా చుక్కలు దగ్గరికి జరుగుతయి, గొంతు సన్నమై మీదికి జరుగుతయి. మనకు అదే పాట, దానికి కాదు."

గిరాకీ చూడటానికి పోయిన చాచా పరదా అవతల దగ్గాడు. ఆ దగ్గు మామూలు దగ్గులా లేదు.

"అబ్బా?" అని తండ్రిని పిలిచింది మదీహా.

"ఏం లేదు బేటా."

"అబ్బా!"

చాచా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "అప్పట్ల అందరు ఒక క్యాసెట్ తెచ్చి, ఇన్ని పాటలు ఎక్కియ్యమని చిట్టీ ఇస్తుండె. పాటలెక్కువ, రీలు తక్వ. చివరి పాట సగంల తెగితె లొల్లి. మోటార్ వెనక చిన్న చిల్లు ఉంటది. అండ్ల స్క్రూ ఉంటది. రికార్డ్ చేసే డెక్కుది నేను జరంత... తిప్పిన."

"ఎటు?"

"స్లో దిక్కు. మెల్లగ తిరుగుతె రీలు మీద ఎక్కువ పాటలు పడ్తయి గద. మళ్ల ఇంటికి పోయి మామూలు టేప్‌ల ఏస్తె పాట తేజ్‌గ వస్తది. ఎవ్వలు ఎన్నడు ఏమనలే! గులాం క్యాసెట్ల జోష్ ఉందన్నరు. నేనేం చెప్పాలె, వద్దనాల్నా?"

అంటే మా జిల్లా సగం జోష్ ఒక స్క్రూలోంచి వచ్చిందన్నమాట. నాకు నవ్వాలో మొత్తుకోవాలో తెలియలేదు. మదీహా మాత్రం ఒక్కటే అడిగింది. "గీ అరబ్బీ పాటకు ఎంత తిప్పినవ్?"

"గది బగ్గ పొడుగుండె బేటా. పట్టకపోతుండె. దానికి..." చాచా గొంతు ఇంకా తగ్గింది. "దానికి బాగనే తిప్పిన."

మదీహా ల్యాప్‌టాప్ తెరిచింది. మా ముక్కను అందులో పెట్టి కొంచెం మెల్లగా చేసింది. యాప్‌కు వినిపించింది, లేదంది. ఇంకొంచెం మెల్లగా. లేదంది. ఇంకొంచెం. సన్నటి గొంతు కాస్తా నడివయసు మగవాడి గొంతయింది. ఇంకొంచెం దించితే, లోతైన, బరువైన, పెద్దాయన గొంతు. డప్పు ఒక్కో దెబ్బ తీరిగ్గా పడుతోంది. అప్పుడు యాప్ టక్కున పేరు చెప్పింది. చుక్కలు కలిశాయి. నేను మదీహాను పట్టుకుని గంతులు వేశాను.

పేరు అరబ్బీలో ఉంది. మదీహా చదివింది, కింద ఇంగ్లీషులో రాసి ఉన్నదీ చదివింది, మళ్లీ చదివింది. ముఖం అదోలా పెట్టింది.

"ఏమైందే?"

"సముద్రంల ముత్యాల కోసం మునుగేటోళ్ల పాటంట. పడవ పోయింది, మళ్ల రాలే. ఒడ్డు మీద నిలబడి దాని కోసం ఏడుస్తుండ్రు." కింద జనం రాసిన వ్యాఖ్యలు చూపించింది. ఒకాయన ఈ పాట వింటే తాత గుర్తొచ్చి అన్నం తినలేకపోయానని రాశాడు. ఇంకొకామె కన్నీళ్ల బొమ్మలే వరసగా పెట్టింది.

గులాం చాచా రెండు చెవులూ పట్టుకున్నాడు. "తోబా, తోబా! ఎన్ని బారాత్‌లు చేసిన్నో! గీ మాట బయటికి పోనియ్యకుండ్రి బేటీ, నా ఇజ్జత్ పోతది."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అవ్వ పాట నాకు దొరికింది, పడవ మునిగితే నాకేం? ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెరుకు తీసేసి వరి వేసిన మళ్లు చూసుకుంటూ, ఇక నా ఉత్తరాల ఉద్యోగం పోయిందని మురిసిపోయాను.

అవ్వను కూర్చోబెట్టి ఫోనులో పాట పెట్టాను. బాపు స్తంభం వెనక నిలబడ్డాడు. అవ్వ కళ్లు మూసుకుని వింది. తర్వాత కళ్లు తెరిచి, "ఎవలు సచ్చిండ్రు?" అంది.

"ఇదే అవ్వా నీ పాట. ఒరిజినల్."

"నా పాట నాకు ఎర్క లేదా? గిది గాదు. మీ బాపుకు సెప్పు, బకెట్ అమ్మినోడే గిది గూడ అమ్మినట్టుండు."

ఫోనులోనే వేగం పెంచి వినిపించాను. అప్పుడు పాట పరుగెత్తింది కానీ గొంతు లావుగానే ఉండిపోయింది. పెద్దాయన ఎవరో బస్సు తప్పిపోతుందని ఉరుకుతున్నట్టుంది. అవ్వ తల అడ్డంగా ఊపి లేచిపోయింది. మదీహాకు ఫోన్ చేస్తే, ఫోన్లు గొంతు మారకుండా వేగం పెంచుతాయనీ, టేపులో అయితే రెండూ కలిసి పెరుగుతాయనీ, డీజేవాళ్ల మిషన్‌లో పక్కనుండే మీట జరిపితే ఆ పని అవుతుందనీ చెప్పింది. అయితే ఎంత జరపాలి? చాచా తిప్పిన స్క్రూకు కొలత లేదు. దొరికిన క్యాసెట్ ఆడిన డెక్కు బెల్టు కూడా ఎప్పుడో సాగిపోయింది. దాన్ని నమ్మలేం.

పెళ్లికి ముందురోజు పొద్దున బాపు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో పసుపు కొమ్ము ఒకటి పట్టుకుని తిప్పుతున్నాడు.

"పాటైతె దొరకలే బిడ్డా. నువ్వు పోతె గీ ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు ఎవ్వలుండరు" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లి ఎందుకు ఒప్పుకున్నానా అని కూడా అనిపించింది ఆ పూట.

పెళ్లి బాగా జరిగింది. అవ్వాబాపులు పక్కపక్కనే కూర్చుని కన్యాదానం చేశారు. అయ్యగారు చెప్పింది చేశారు కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అప్పగింతలు ఊరి చివర, కమ్మర్‌పల్లి కారు ఎక్కేచోట పెట్టుకుందామన్నారు పెద్దలు. అక్కడిదాకా బారాత్. ఎండ చల్లబడ్డాక నన్నూ నాగేందర్‌నూ పూల జీపు ఎక్కించారు. ముందు పోయే చిన్న లారీ, అదే డీసీఎం బండి మీద రాజశేఖర్ అన్న డీజే. చందూరు, వర్ని చుట్టూ ఏ బారాత్ అయినా ఆయనదే. పాట పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, మీట సంగతి కూడా నేను ముందే చెప్పాను. మీట జరిపి పెట్టమని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

కానీ రాజశేఖర్ అన్నకు కొత్త స్పీకర్ పెట్టెల మీద మోజు. ఒరిజినల్ ఎట్లా మోగుతుందో అందరికీ చూపించాలనిపించింది. మైకు పట్టుకుని, "భీమన్న పటేల్ స్పెషల్, ఒరిజినల్ క్వాలిటీ!" అని అరిచి ఉన్నది ఉన్నట్టే వదిలాడు.

ధడ్... ధడ్... అని నిదానంగా డప్పు, దాని మీద ఆ పెద్దాయన ఏడుపు. ఆడుతున్న పిల్లలు చేతులు గాల్లో పెట్టుకుని ఆగిపోయారు. కమ్మర్‌పల్లి వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. జీపు పక్కనే నడుస్తున్న హన్మవ్వ అనే ముసలామె తలమీద కొంగు కప్పుకుని, "ఎవలదే పీనుగ?" అని అడిగింది. నాగేందర్ నా చెవిలో, "మీ ఊర్ల గిట్లనే సాగనంపుతరా?" అన్నాడు. నేను జీపు మీద లేచి నిలబడి, "అన్నా, మీట! మీట జరుపు!" అని అరిచాను. పెళ్లికూతురు అరవకూడదని ఎవరో నా చీర పట్టుకుని లాగారు.

రాజశేఖర్ అన్న మీట జరిపాడు. పాట లేచింది. గొంతు సన్నబడింది, డప్పు దగ్గరపడింది. బాపు ముఖం ఒక్కసారి విచ్చుకుంది. డీసీఎం బండి పక్కకు ఉరికి, చెయ్యెత్తి, "బస్ బస్! గిదే, గాడనే ఉంచు!" అని కేకేశాడు. జేబులోంచి చేతిరుమాలు తీశాడు.

"గిది గాదు."

ఆడవాళ్ల మధ్యలోంచి వచ్చింది ఆ మాట. అవ్వ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎవరితో అన్నదో తెలియదు.

బాపు రుమాలు పళ్ల దాకా తీసుకుపోయి ఆపాడు. "గిదే."

"గాదంటున్న. ఇంకింత తేజ్ ఉండె."

"గింతకంటె తేజ్ ఉంటె కాళ్లు ఇరుగుతయి. ఆడినోన్ని నేను, నాకెర్క లేదా?"

"ఆడినోనికి ఏం ఎర్క? నువ్వు కల్లు మీద ఉంటివి. నేను జీపుల కూసోని ఇన్న. ఓ రాజూ, ఇంకింత జరుపు!"

రాజశేఖర్ అన్న జరిపాడు. పాట పిట్టలా కీచుమంది.

"సూడు, సూడు! పిట్టలు పట్టెటోని లెక్కుంది" అన్నాడు బాపు. "ఎనకకు జరుపు రాజూ."

"గంత ఎనకకు గాదు! మళ్ల శవం లేస్తది."

"నడుమ పెట్టు."

"నడుమ అంటె యాడ? నీకు నడుమ ఎన్నడు ఎర్క? బకెట్ తెచ్చుడు ఎర్క నీకు!"

"బకెట్ మంచిదే తెచ్చిన!"

"మంచిదా? అడుగు పల్గింది సూసినవా?"

"నువ్వు ముట్టకుంట నీకెట్ల ఎర్క?"

అవ్వ ఒక్క క్షణం తడబడింది. "నీళ్లు కారుతుంటె కండ్లకు కనవడదా? పొద్దుగాల జారి పడ్తివి గద, నడుముకు నూనె రాసుకున్నవా లేదా?"

బాపు రాజశేఖర్ అన్నను వదిలి అవ్వ వైపు తిరిగాడు. నాకనిపించింది, అప్పుడే ఆయనకు తెలిసింది ఏం జరుగుతోందో. అవ్వకు ఇంకా తెలియలేదు. ఆమె డీసీఎం బండి అంచు పట్టుకుని రాజశేఖర్ అన్నకు వేలు చూపిస్తూ, ఇంకింత, ఇంకింత అంటోంది.

"రాసుకోలే" అన్నాడు బాపు, ఆమె ముఖంలోకి చూస్తూ. "నూనె యాడుందో నాకెర్క లేదు తారా."

"గూట్లె ఉంది. ఎన్నేండ్లయినా గూడు ఎర్క లేదు" అంది అవ్వ. అప్పుడు ఆమెకూ తెలిసింది. ముఖం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గే మనిషా! "ఆఁ, గాడ! గాడ ఆపు రాజూ! గిది నా పాట" అంది.

నిజంగా అదే వేగమో కాదో దేవుడికే తెలియాలి. ఏ యాప్ అయినా చెప్పలేదు. ఆ చుక్కలు వాళ్లిద్దరి దగ్గరే ఉన్నాయి. బాపు రుమాలు పళ్ల మధ్య బిగించాడు. అవ్వ ఆడలేదు, ఆడే మనిషి కాదు. పక్కన నడుస్తూ, ఆయన ఎక్కడ అడుగు తప్పుతున్నాడో చెప్పుకుంటూ వచ్చింది. కుడి కాలు ముందుగాల, అప్పుడు గిట్ల చెయ్యలే, నడుము సోయి పెట్టు, గంత ఎగురకు. చందూరంతా వాళ్ల వెనక దుమ్ము లేపింది. హన్మవ్వ కొంగు తీసి నడుముకు చుట్టుకుని తనూ దిగింది.

ఊరి చివరకు వచ్చాం. అప్పగింతల వేళ. జీపు దిగి నిలబడ్డాను. ఏడవాల్సిన తల్లీ తండ్రీ ఇద్దరూ నా చెయ్యి చెరోవైపు పట్టుకుని, ఆనాటి జీపు ఎర్రదా నీలందా అని ఒకరినొకరు కసురుకుంటున్నారు. నా చెయ్యి నాగేందర్ చేతిలో పెట్టారు, పెడుతూ కూడా నీలమే అంది అవ్వ. ఎర్రదే అన్నాడు బాపు.

నేను ఒక్కదాన్నే ఏడ్చాను. కారు కదిలాక కూడా ఏడుస్తూనే ఉన్నాను. నాగేందర్ కంగారుపడి మంచినీళ్ల సీసా ఇచ్చాడు, వెనక్కి తిప్పమంటావా అని కూడా అడిగాడు. వద్దని తల ఊపి, కిటికీలోంచి వెనక్కి చూశాను. రోడ్డు మధ్యలో ఇద్దరూ ఇంకా చేతులు ఊపుతున్నారు, కానీ నాకు కాదు, ఒకరి ముఖం మీద ఒకరు.